పోస్టులో వెళ్ళిన వెలుగు

అక్టోబరు మొదట్లో ఓ బుధవారం, మనకి మధ్యాహ్నం మూడుంబావు అవుతుండగా, స్టాక్‌హోమ్‌లో రసాయనశాస్త్రం నోబెల్ ఎవరికొచ్చిందో చెబుతారు. అమెరికాలో అప్పటికి ఇంకా తెల్లవారదు. అందుకే అమెరికాలో ఉండేవాళ్ళ నోబెల్ కథలు చాలావరకు చీకట్లో మోగిన ఫోనుతో మొదలవుతాయి. 2008 అక్టోబరు 8న అలా మూడు ఫోన్లు మోగాల్సి ఉంది. మసాచుసెట్స్‌లోని ఫాల్మత్‌లో 80 ఏళ్ళ ఒసాము షిమోమురాకి ఒకటి. కాలిఫోర్నియాలో 56 ఏళ్ళ రోజర్ చెన్‌కి ఒకటి. న్యూయార్క్‌లో మార్టిన్ చాల్ఫీకి ఒకటి. చాల్ఫీ తన ఫోను తియ్యలేదు. దాని గొంతు పొరపాటున బాగా తగ్గించి ఉండడంతో ఆయన హాయిగా నిద్రపోయారు. లేచాక, ఈపాటికి కెమిస్ట్రీ బహుమతి చెప్పేసి ఉంటారే, ఈసారి ఏ మహానుభావుణ్ణి వరించిందో చూద్దామని ల్యాప్‌టాప్ తెరిస్తే అందులో తన పేరే ఉంది.

నాలుగో ఇంట్లో ఫోను కాదు, రేడియో మోగింది. అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో 57 ఏళ్ళ డగ్లస్ ప్రాషర్ పొద్దున్నే వార్త విన్నారు. విని, రేడియో స్టేషనుకి ఫోను చేశారు, ఫిర్యాదు చేయడానికి కాదు. వార్త చదివినవాళ్ళు చెన్ పేరు తప్పు పలికారని, దాన్ని సరిదిద్దడానికి. (ఇంగ్లిషు స్పెల్లింగ్‌లో ఉన్న అక్షరాలన్నీ పలకబోతే ఎవరికైనా నోరు తిరగదు.) ఆ రోజుల్లో ప్రాషర్ ఉద్యోగం ఒక కార్ల షోరూములో. సర్వీసింగుకి బండి ఇచ్చినవాళ్ళని వ్యానులో ఎక్కించుకుని ఇంటి దగ్గరో ఆఫీసు దగ్గరో దింపి రావాలి. జీతం గంటకి 8.50 డాలర్లు.

ఆ ముగ్గురి పేర్లూ కలిపిన బహుమతికి మూలమైన జన్యువుని జెల్లీఫిష్‌లోంచి వెలికితీసినవాడు ఈ వ్యాను డ్రైవరే.

మన ఊళ్ళ సన్మానసభల్లో శాలువాలు లెక్కపెట్టి తెస్తారు. నోబెల్ సంగతీ అంతే. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచకూడదని నియమం. కోటి స్వీడిష్ క్రోనర్లు, మూడు సమభాగాలు. నాలుగో మనిషికి శాలువా లేదు. దీన్ని అన్యాయం అనాలా వద్దా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. ఆ తగువు తీర్చడం నా పని కాదు గాని, ఆ ముగ్గురి గొప్పతనం తెలియాలంటే నాలుగో ఆయన వేసిన ఉత్తరం సంగతి తెలియాలి. దానికంటే ముందు ఒక తెల్లచొక్కా కథ ఉంది.

1945 ఆగస్టు 9. నాగసాకి పక్కనున్న ఇసహాయలో, యుద్ధవిమానాలు బాగుచేసే కార్ఖానాలో బడిపిల్లల చేత పని చేయిస్తున్నారు. అందులో షిమోమురా ఒకడు. ఇంకా పదిహేడేళ్ళు నిండనివాడే. కిటికీలోంచి కళ్ళు బైర్లు కమ్మే మెరుపు వచ్చింది. కాసేపటికి చెవులు దిమ్మెత్తే ఒత్తిడి. సాయంత్రం ఇంటికి నడిచి వెళుతుంటే నల్లటి వాన కురిసింది. ఇంటికి చేరేసరికి తెల్లచొక్కా బూడిదరంగైంది. నాయనమ్మో అమ్మమ్మో, ఆ ఇంటి ముసలావిడ చప్పున నీళ్ళు కాచి స్నానం చేయించింది. ఆ స్నానమే తనని కాపాడి ఉంటుందని ఆయన తరవాత అనుకునేవారు.

యుద్ధం ముగిశాక రెండేళ్ళు ఏ కాలేజీలోనూ చోటు దొరకలేదు. ఆ లోపు బాంబుకి కూలిపోయిన నాగసాకి ఫార్మసీ కాలేజీని తాత్కాలికంగా ఇసహాయకే, వాళ్ళింటి దగ్గరికే తరలించారు. మందుల చదువు మీద ఇష్టం ఉండి కాదు, దగ్గర్లో ఉన్నది అదొక్కటేనని చేరారు. రసాయనశాస్త్రంలోకి ఆయన నడిచిన దారి అది.

1955లో నగోయా విశ్వవిద్యాలయంలో హిరాతా అనే ఆచార్యుడు ఆయన చేతికో పని అప్పజెప్పారు. జపాన్ తీరంలో గవ్వ లాంటి రెండు చిప్పల మధ్య బతికే చీమంత ప్రాణి ఒకటుంది. అక్కడివాళ్ళు దాన్ని సముద్రపు మిణుగురు అంటారు. ఎండబెట్టి పొడిచేసినా సరే, నీళ్ళు తగిలితే నీలంగా వెలుగుతుంది. అందులో వెలిగే పదార్థాన్ని శుద్ధిచేసి స్ఫటికాలుగా తీయాలి. అమెరికాలో ప్రిన్స్‌టన్‌వాళ్ళు ఏళ్ళ తరబడి కుస్తీపట్టినా సాధించలేకపోయిన పని అది. పది నెలలు ఏమీ తేలలేదు. ఒక రాత్రి మిగిలిన కాస్త సరుకులో, వేరే పరీక్ష కోసం, గాఢమైన హైడ్రోక్లోరికామ్లం పోసి ఇంటికి వెళ్ళారు. పొద్దున వచ్చి చూస్తే గాజు గొట్టం అడుగున సన్నని ఎర్రటి సూదులు. ఆమ్లం పోస్తే నాశనమవుతుందని అందరూ భయపడిన పదార్థం ఆమ్లంలోనే స్ఫటికమైంది. ఆ సూదులే ఆయన్ని 1960లో ప్రిన్స్‌టన్‌కి, ఫ్రాంక్ జాన్సన్ దగ్గరికి చేర్చాయి.

జాన్సన్ ఈసారి జెల్లీఫిష్ చూపించారు. పేరు ఇక్వోరియా. అరచేతిలో పట్టే గాజు గొడుగు. తాటిముంజని పల్చగా సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గొడుగు అంచు చుట్టూ పచ్చని వెలుగుచుక్కలు. అమెరికా పడమటి కొసన, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫ్రైడే హార్బర్ అనే చోట అవి లెక్కకందనన్ని ఉండేవి. 1961 వేసవిలో దేశాన్ని అడ్డంగా దాటి కారులో అక్కడికి వెళ్ళారు.

అక్కడ గురుశిష్యులకి అభిప్రాయభేదం వచ్చింది. మిణుగురులోనూ సముద్రపు మిణుగురులోనూ వెలుగుకి రెండు దినుసులు కావాలి: చమురు లాంటి లూసిఫెరిన్, వత్తి లాంటి లూసిఫెరేజ్ ఎంజైము. జెల్లీఫిష్‌లోనూ అవే ఉండాలని జాన్సన్ నమ్మకం. ఎంత వెతికినా దొరకలేదు. చమురూ వత్తీ అన్న ఆలోచన వదిలేసి, వెలిగేది ఏదైతే దాన్నే పట్టుకుందామని షిమోమురా అన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు. దాంతో ఒకే గదిలో ఒకే బల్లకి ఇటు షిమోమురా ఒంటరిగా, అటు జాన్సన్ తన సహాయకుడితో, ఎవరి ప్రయోగం వారు చేసుకున్నారు. ఎంత ఇబ్బందో, ఉమ్మడి కుటుంబంలో పొయ్యిలు వేరుపడ్డ ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది.

ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి ఆయన ఒక చిన్న పడవ తెడ్లు వేసుకుంటూ సముద్రంలోకి తీసుకెళ్ళి, అందులో వెల్లకిలా పడుకుని ఆలోచించేవారు. అలా పడుకున్న ఒక మధ్యాహ్నం తట్టింది. వెలుగులో ఏదో ఒక ప్రోటీను పాలు ఉండితీరాలి. ప్రోటీనయితే పులుపు పెరిగినప్పుడు పనిచేయడం మానాలి, పులుపు విరిస్తే మళ్ళీ చేయాలి. ఒడ్డుకొచ్చి పరీక్షించారు. పీహెచ్ 7, 6, 5 దగ్గర రసం వెలుగుతూనే ఉంది. 4 దగ్గర ఆరిపోయింది. వడకట్టి కొంచెం వంటసోడా కలిపితే మిణుకుమిణుకుమంది. వెలిగిందే గాని, గుడ్డి వెలుగు. పని అయిపోయింది గదాని ఆ రసాన్ని సింకులో పారబోశారు.

సింకు భగ్గుమంది. లోపలంతా నీలం. చేపల తొట్టె నుంచి పొర్లిన సముద్రపు నీళ్ళు ఆ సింకులోకే పారుతున్నాయి. సముద్రపు నీటిలో ఏముంది? కాల్షియం. ఆ ప్రోటీనుకి విడిగా వత్తీ అక్కర్లేదు, చమురూ అక్కర్లేదు, కాల్షియం తగిలితే చాలు. దానికి ఇక్వోరిన్ అని పేరు పెట్టారు.

ఆ తరవాతిదంతా ఒళ్ళు వంచి చేసిన చాకిరీ. పొద్దున్న ఆరింటికి వలలతో జెల్లీఫిష్ పట్టడం, టిఫిన్లయ్యాక కత్తెరతో గొడుగు అంచుల్ని ఉంగరాల్లా కత్తిరించడం, మధ్యాహ్నమంతా వాటిని గుడ్డలో పిండడం, రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ వలలు పట్టుకు బయల్దేరడం. మొదటి వేసవిలోనే పదివేలు. తరవాత తరవాత షిమోమురా భార్యాపిల్లలు కూడా చేయివేశారు, ఉంగరాలు కోయడానికి ఒక యంత్రం తయారైంది. రెండు దశాబ్దాలకి దగ్గరగా సాగిన ఈ వేసవి వేటలో మొత్తం ఎనిమిదిన్నర లక్షల జెల్లీఫిష్. రసాయనశాస్త్రం అంటే సమీకరణాలనుకునే పిల్లలకి నేను ముందు ఈ అంకె చెబుతాను.

ఇంతకీ నోబెల్ ఇక్వోరిన్‌కి రాలేదు. దాన్ని శుద్ధి చేస్తుంటే పక్కన ఇంకో ప్రోటీను తేలింది. ఎండలో కాస్త పచ్చగా, బల్బు వెలుతురులో పసుప్పచ్చగా, అతినీలలోహిత కాంతి వేస్తే మాత్రం కళ్ళు చెదిరే ఆకుపచ్చగా కనిపించింది. 1962 నాటి ఇక్వోరిన్ పత్రంలో దానికి దక్కింది ఒక ఫుట్‌నోటు. షిమోమురా దాన్ని పారేయకుండా ఏటా కొంచెం కొంచెం కూడబెట్టారు. అందులో రంగుకి కారణమైన భాగం ఎలాంటిదో 1979లో తేల్చి, ఇక దానితో పని అయిపోయిందని పక్కన పెట్టేశారు. తరవాత దానికి స్థిరపడిన పేరు గ్రీన్ ఫ్లోరసెంట్ ప్రోటీన్. ల్యాబుల్లో అందరూ జీఎఫ్‌పీ అంటారు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు: జీఎఫ్‌పీ మిణుగురులా తనంతట తాను వెలుగుతుందనుకుంటారు. వెలగదు. పెళ్ళి ఊరేగింపు డీజే ఊదారంగు లైట్ల కింద తెల్లచొక్కా ఎలా నీలంగా మెరుస్తుందో చూశారుగా? కంటికి కనబడని కాంతిని మింగి కనబడే కాంతిగా బయటికి వదలడం అది. సబ్బుపొడిలో కలిపే రసాయనం చేసే పనే జెల్లీఫిష్‌లో ఈ ప్రోటీను చేస్తుంది. ఇక్వోరిన్ వదిలే నీలాన్ని తీసుకుని పచ్చగా మార్చి వదులుతుంది.

విశేషం దాని కట్టడంలో ఉంది. 238 అమైనో ఆమ్లాల దండ. అది ముడుచుకుని, పదకొండు బద్దలతో అల్లిన గాదెలా నిలబడుతుంది. గాదె నడుమ 65, 66, 67వ పూసలు మూడూ ఒకదానికొకటి కలిసి వలయం కడతాయి. గాలిలోని ఆక్సిజన్ వచ్చి ఆ పని పూర్తిచేస్తుంది. అంతే, దీపం సిద్ధం. బయటినుంచి ఏ రంగూ తేనక్కర్లేదు, సాయానికి ఏ ఎంజైమూ అక్కర్లేదు. అంటే, ఈ దండ గుచ్చడానికి కావలసిన జన్యువుని ఏ జీవిలో పెట్టినా, ఆ జీవి తన దీపం తానే తయారుచేసుకోగలదు.

ఇప్పుడు ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను. 1980ల చివర్లో ఇది ఎవరూ నమ్మని మాట. ఏదో ఎంజైము సాయం లేకుండా ఆ వలయం ఏర్పడదనే అనుకున్నారు. అయినా ఆ జన్యువు పనికొస్తుందని మొదట ఊహించినవాడు ప్రాషర్.

వుడ్స్ హోల్ అనే చిన్న తీరపు ఊళ్ళో, సముద్రశాస్త్ర సంస్థలో ఆయన పరిశోధకుడు. (అదే ఊళ్ళో ఇంకో సంస్థలో షిమోమురా 1982 నుంచీ ఉన్నారు.) జీఎఫ్‌పీ జన్యువుని పట్టుకుని మరో ప్రోటీను జన్యువుకి తోకలా అతికిస్తే, కణంలో ఆ ప్రోటీను ఎక్కడికి పోతే అక్కడికి లాంతరు కూడా పోతుంది గదా అన్నది ఆయన ఊహ. ఆవు మెడలో గంట కట్టినట్టు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ రెండేళ్ళకి డబ్బిచ్చింది. జన్యువు చిక్కింది, 1992లో పత్రం వచ్చింది. ఆ లోపు డబ్బు అయిపోయింది. ఇంకెవరూ ఇవ్వలేదు. ఆ ఊళ్ళో ఉద్యోగం నిలిచేలా లేదని ప్రాషర్‌కి అర్థమైంది.

అప్పుడు చాల్ఫీ ఫోను చేశారు. నిజానికది రెండో ఫోను. 1989లో ఒక సెమినార్‌లో జీఎఫ్‌పీ మాట చెవిన పడ్డ క్షణం నుంచి మిగతా ఉపన్యాసం చాల్ఫీ తలకెక్కలేదు. ఆయన పరిశోధించే పురుగు పొడవు ఒక మిల్లీమీటరు, ఒళ్ళంతా పారదర్శకం. గాజు ఒంట్లో పచ్చ దీపం! వెంటనే ప్రాషర్‌తో మాట్లాడారు. జన్యువు చేతికి రాగానే చెబుతానన్నారాయన. వచ్చాక చెప్పబోతే చాల్ఫీ ఊళ్ళో లేరు, సెలవు మీద వేరే ల్యాబ్‌కి వెళ్ళారు. చాల్ఫీ సైన్సు వదిలేశారేమోనని ప్రాషర్, ప్రాషర్‌కి జన్యువు దొరకలేదేమోనని చాల్ఫీ ఊరుకున్నారు. 1992లో కంప్యూటర్‌లో వెతుకుతుంటే ప్రాషర్ పత్రం చాల్ఫీ కంటపడింది.

అడగ్గానే ప్రాషర్ జన్యువుని కవరులో పెట్టి పోస్టు చేశారు. అడిగిన రెండోవాడు రోజర్ చెన్. ఆయనకీ ఒకటి. ఏళ్ళ తరబడి చేసిన కష్టం, తను ఇక కొనసాగించలేననుకున్నప్పుడు సొరుగులో దాచుకోవచ్చు. దాచుకున్నవాళ్ళు సైన్సులో తక్కువేమీ లేరు. ఈయన తపాలా బిళ్ళ అంటించారు.

చాల్ఫీ ల్యాబ్‌లో ఆ కవరు అందుకున్నది ఘియా యూస్కిర్‌షెన్ అనే కొత్త విద్యార్థిని. ప్రాషర్ పంపిన దాంట్లో జన్యువుకి అటూ ఇటూ అదనపు ముక్కలు వేలాడుతున్నాయి. వాటిని పూర్తిగా తీసేసి అసలు జన్యువుని మాత్రమే బ్యాక్టీరియాలోకి ఎక్కించారు. అదనపు ముక్కలతో కలిపి ప్రయత్నించినవాళ్ళకి దీపం వెలగలేదు. నెల తిరక్కుండా ఈమె బ్యాక్టీరియా పచ్చగా మెరిసింది. చాల్ఫీ ల్యాబ్ మైక్రోస్కోపు అంతంతమాత్రం కావడంతో, అంతకుముందు తను పనిచేసిన విభాగానికి పట్టుకెళ్ళి చూసింది.

తరవాత పురుగు వంతు. ఆ పురుగుకి స్పర్శ తెలుస్తుందో లేదో చూడటానికి పుల్ల చివర కనుబొమ్మ వెంట్రుక ఒకటి అంటించి దానితో మెల్లగా గీస్తారు. ఇప్పటికీ అదే పద్ధతి. ఆ స్పర్శని పసిగట్టే నాడీకణాలు ఆరే ఆరు. చాల్ఫీ ఆ కణాల్లో మాత్రమే వెలిగేలా జీఎఫ్‌పీని అమర్చారు. సజీవంగా కదులుతున్న పురుగులో ఆ నాడీకణాలు కనిపించాయి. 1994 ఫిబ్రవరిలో సైన్స్ పత్రిక ముఖచిత్రం అదే. ఆ పత్రం రాసినవారి జాబితాలో ప్రాషర్ పేరూ ఉంది. ఇలాంటి పురుగునే నేనూ ఒకసారి చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూశాను. నల్లటి పలక మీద పచ్చ సుద్దతో గీసిన సన్నని గీత, ఉన్నట్టుండి ఒంపు తిరిగింది. అది కదిలే వరకు ఫొటో అనుకున్నాను.

ఆ పత్రంలో చాల్ఫీ తన భార్య హేజెల్‌రిగ్ చేసిన, ఇంకా అచ్చుకాని ఫలితాన్ని ప్రస్తావించారు. ఆవిడా శాస్త్రవేత్తే, ఈగల మీద పని. అనుమతి ఇచ్చింది గాని, షరతులు రాసి మరీ ఇచ్చింది: శనివారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా కాఫీ, ఒక రోజు ఫ్రెంచి వంటలతో విందు, నెలరోజులు రాత్రిపూట చెత్తబుట్ట పారబోయడం. నోబెల్ ఉపన్యాసంలో చాల్ఫీ ఆ కాగితాన్ని చూపించి సభని నవ్వించారు.

చెన్ వేరే రకం మనిషి. చిన్నప్పుడు ఉబ్బసంతో ఆటలకి దూరమై, ఇంటి నేలమాళిగలో రసాయనాలతో ఆడుకున్న పిల్లాడు. ఆయనకి రంగుల పిచ్చి. జీఎఫ్‌పీ వలయం పూర్తి కావడానికి ఆక్సిజన్ కావాలని చూపింది ఆయన బృందమే. 65వ పూస ఒక్కటి మారిస్తే వెలుగు ఎంతో మెరుగై, నిలకడగా ఉంటుందని 1995లో చూపారు. 66వ పూస మారిస్తే పచ్చ కాస్తా నీలమైంది. తరవాత లేతనీలం, పసుపు. ఎరుపు మాత్రం లొంగలేదు. 1999లో మాస్కో శాస్త్రవేత్తలు అక్వేరియంలో పెంచే పగడపు జాతుల్లో ఎర్ర ప్రోటీను పట్టుకుంటే, దాన్ని సానబట్టి చెన్ బృందం బోలెడు రంగులు తీసింది. వాటికి పండ్ల పేర్లు పెట్టారు: చెర్రీ, స్ట్రాబెర్రీ, ప్లమ్, టమాటా. మన దగ్గర పుట్టి ఉంటే నేరేడూ దానిమ్మా అయ్యేవి.

రంగులు ఎందుకు ఇన్ని అంటే, ఒకే కణంలో నాలుగు ప్రోటీన్లని ఒకేసారి వెంబడించాలంటే నాలుగు రంగుల లాంతర్లు కావాలి. క్యాన్సర్ కణం రక్తనాళంలోకి ఎలా దూరుతుంది, మెదడులో ఏ తీగె ఎటు పోతుంది, ఇలాంటివి అంతకుముందు చంపి, కోసి, రంగువేసి చూసేవారు. ఇప్పుడు బతికుండగా చూస్తున్నారు. హైదరాబాదులోని పరిశోధనాసంస్థ సీసీఎంబీలో పనిచేసే కుర్రాళ్ళని అడిగినా జీఎఫ్‌పీ లేకుండా జీవశాస్త్రం చేయడం ఎలాగో తెలియదంటారు. దానికోసం జెల్లీఫిష్ పట్టే పని ఎవరికీ లేదు. ఒక్క ఫ్లాస్కులో బ్యాక్టీరియా పెంచితే చాలు. అన్నట్టు ఫ్రైడే హార్బర్‌లో ఆ జెల్లీఫిష్ 1990ల నుంచి బాగా తగ్గిపోయాయి. ప్రాషర్ ఆ జన్యువుని పట్టుకున్నదీ ఇంచుమించు అప్పుడే.

2008 డిసెంబరు 10న స్టాక్‌హోమ్ కచేరీ మందిరంలో రాజుగారు ముగ్గురికీ పతకాలు అందించారు. ప్రేక్షకుల్లో ప్రాషర్, ఆయన భార్య ఉన్నారు. చాల్ఫీ, చెన్ తమ ఖర్చుతో వాళ్ళని పిలిపించుకున్నారు. ప్రాషర్‌కి, మిగతా ఇద్దరికి ఇచ్చి నన్ను సులువుగా వదిలేసి ఉండొచ్చన్నది చాల్ఫీ బాహాటంగా అన్న మాట. ప్రాషర్ అయితే, ఎప్పుడైనా హంట్స్‌విల్ వస్తే వాళ్ళు నాకో భోజనం బాకీ అని నవ్వేశారు. అంతకు మించి ఆయన్నుంచి విలేకరులకి పెద్దగా ఏమీ దొరకలేదు.

స్టాక్‌హోమ్ నుంచి తిరిగొచ్చి మళ్ళీ వ్యానెక్కారు. తరవాత కొన్నాళ్ళకి సైన్సు ఉద్యోగం దొరికింది. 2012లో చెన్ ల్యాబ్‌లోనే చేరారు, 2015 దాకా ఉన్నారు. చెన్ 2016లోను, షిమోమురా 2018లో నాగసాకిలోను పోయారు. ప్రాషర్ చేరేనాటికి చెన్ ల్యాబ్‌లో నీలం, లేతనీలం, పసుపు ప్రోటీన్లన్నీ ఇరవయ్యేళ్ళ కింద తను కవరులో పంపిన జన్యువుకి నేరుగా పుట్టిన సంతానం. చెర్రీ, టమాటా మాత్రం పగడపు వైపువి, వరస కలిపితే పెత్తండ్రి పిల్లలవుతాయి.